తెలియని నంబరే నా బతుకుతెరువు: 1909 సేవపై ఒక బాడుగ కారువాడి మాట

అక్కర్లేని ప్రచార ఫోన్ల బెడద గురించి ఎవరితో మొరపెట్టుకున్నా ఒకటే సలహా ఇస్తారు: తెలియని నంబరు ఎత్తవద్దు. ఆ సలహా పాటిస్తే మా ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. తిరుపతిలో నాకు రెండు బాడుగ కార్లు ఉన్నాయి. ఒకటి నేనే నడుపుతాను, రెండోదానికి డ్రైవరు ఉన్నాడు. తిరుమల, తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం, ఓపిక ఉన్నవాళ్లయితే వేలూరు దగ్గరి శ్రీపురం బంగారు గుడి, ఇవీ మా తిరుగుళ్లు. నాకు ఫోను చేసేవాళ్లలో ఎక్కువ మంది ముక్కూ మొహం తెలియనివాళ్లే. తెల్లవారుజామున మూడింటికి రేణిగుంటలో రైలు దిగి చేస్తారు, అర్ధరాత్రి బళ్లారిలో బస్సెక్కుతూ చేస్తారు. ఫోను నిశ్శబ్దంలో పెట్టి పడుకున్న రాత్రి నా జీవితంలో లేదు. నా నంబరు ఎవరు అమ్ముకున్నారని నిలదీసే హక్కు కూడా నాకు లేదు. కారు వెనక అద్దం మీద పెద్ద అక్షరాలతో రాయించింది నేనే.

పోయిన వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం తిరుమల నుంచి ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు దిగుతున్నాను. ఆ మలుపుల్లో ఫోను ముట్టుకోకూడదన్నది ఇరవై ఏళ్లుగా నా నియమం. జేబులో అది మోగుతూనే ఉంది. అలిపిరి దాటి, వాళ్లను బస్టాండు దగ్గర దింపి చూస్తే ఏడు మిస్డ్ కాల్స్. వరసగా తిరిగి చేశాను. మొదటిది వ్యక్తిగత రుణం. రెండోది రేణిగుంట వైపు ప్లాట్లు. మూడోది రికార్డు చేసిన గొంతు, దానితో పోట్లాడలేం. నాలుగూ ఐదూ మళ్లీ ఆ రుణం అమ్మాయే. ఆరోది ఎవరూ ఎత్తలేదు. ఏడోది సేలం నుంచి వచ్చిన ఒక పెద్దాయన. "మీరు తీయలేదు కదా సార్, స్టేషను ముందే వేరే బండి మాట్లాడేశాం" అన్నాడు తమిళ యాసలో. పదిమంది, రెండు బండ్లు, కాణిపాకం, శ్రీపురం, రెండు రోజుల బాడుగ. చివరి నుంచి మొదటికి చేసుకుంటూ వచ్చి ఉంటే దొరికేదేమో. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లెక్క వేస్తుంటే మా అమ్మాయి, "నాన్నా, 1909కు ఒక మెసేజ్ పెట్టు, ముందు సగం తగ్గుతుంది" అంది.

అప్పటి నుంచి వాడుతున్నాను. ఐదింటికి మూడున్నర నక్షత్రాలు.

1909 అంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల కింద అన్ని ఫోను కంపెనీలూ నడపవలసిన డీఎన్‌డీ, అంటే డు నాట్ డిస్టర్బ్ ఏర్పాటు. అక్కర్లేని ప్రచారం వద్దనుకునేవారి జాబితా మన దేశంలో 2007 నుంచే ఉంది, ఇప్పుడు అమలులో ఉన్న పద్ధతి 2018 నాటి నిబంధనలది. 1909కు ఫోను చేసి చెప్పవచ్చు. లేదా స్టార్ట్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, కాస్త ఖాళీ వదిలి, సున్నా పెట్టి అదే నంబరుకు పంపవచ్చు. పైసా ఖర్చు లేదు. సున్నా అంటే మొత్తం ఆపమని. కొన్నే ఆపాలనుకుంటే ఎనిమిది రకాలు ఉన్నాయి: బ్యాంకులు, బీమా, రుణాల వంటివి ఒకటి, ఇళ్లూ స్థలాలూ రెండు, చదువులు మూడు, ఆరోగ్యం నాలుగు, వస్తువులూ వాహనాలూ ఐదు, టీవీ, ఫోను, వినోదం ఆరు, పర్యాటకం ఏడు, తిండి ఎనిమిది.

నేను సున్నా పెట్టలేదు. తెలివి ఉపయోగించాను. ఏడోది పర్యాటకం కదా, మన వృత్తికి పనికొచ్చే కబురు ఏదైనా వస్తుందేమోనని దాన్నొక్కదాన్నీ వదిలేసి మిగతావి ఆపమన్నాను. వారం తిరగకముందే ఫోను. "సర్, మీ దంపతులకు మూడు రోజుల ఉచిత విహారయాత్ర వచ్చింది. ఒక్క గంట మా హోటలుకు వచ్చి మా పథకం వింటే చాలు." పొద్దున లేస్తే జనాన్ని యాత్రలకు తిప్పేవాడికి ఉచిత యాత్ర! పక్కనే బియ్యం ఏరుతున్న మా ఆవిడ మాత్రం "ఎక్కడికటండీ?" అని అడిగింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆమెను కాణిపాకం దాటించలేదన్న సంగతి సరిగ్గా అప్పుడే గుర్తుకు వచ్చి నేను మాట మార్చాను. మర్నాడు ఏడో రకాన్ని కూడా ఆపించేశాను.

ఫలితం చెప్పాలంటే, 140తో మొదలయ్యే నంబర్ల నుంచి వచ్చే కాల్స్ నాలుగైదు రోజుల్లో దాదాపు ఆగిపోయాయి. 140 అన్నది నమోదు చేసుకున్న ప్రచార సంస్థలకు ఇచ్చిన వరస. వాళ్లు ఫోను చేసే ముందు మన పేరు వద్దన్నవారి జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. ఇక్కడిదాకా 1909కు వంక పెట్టను. ముందు గుమ్మం దగ్గర నిలబడి పిలిచేవాళ్లు ఆగారు. గోడ దూకి వచ్చేవాళ్ల సంగతే వేరు. మామూలు సిమ్ కార్డు కొనుక్కుని, మీలాగా నాలాగా పదంకెల నంబరు నుంచి చేస్తారు వాళ్లు. ఆ నంబరు చూస్తే సేలం పెద్దాయనదో, ప్లాట్ల ఆసామిదో నాకెలా తెలుస్తుంది? ఎత్తాలి. ఎత్తాక తిట్టుకోవాలి. వాళ్ల మీద 1909 దగ్గర ఉన్న మందు ఒక్కటే, ఫిర్యాదు. అది మనమే కష్టపడి నూరుకోవలసిన మందు.

రైల్వే స్టేషను దగ్గర మా స్టాండులో ఒక సాయంత్రం జరిగింది చెబుతాను. నాలుగున్నర అయి ఉంటుంది. చెన్నై నుంచి రావలసిన రైలు ఆలస్యం, ఆరుగురం టీ గ్లాసులతో నిలబడి ఉన్నాం. నా ఫోను మోగింది. రేణిగుంట వైపు ప్లాట్లు, గజం ఇంత, ఇవాళే ఆఖరు. వద్దని పెట్టేశాను. నిమిషం కాలేదు, నా పక్కన ఉన్నాయన ఫోను. అదే గొంతు, అదే ఆఖరు రోజు. ఆయన పెట్టేశాక ఆ పక్కన ఉన్న కొర్లగుంట కుర్రాడిది మోగింది. అప్పుడు మాలో పెద్దాయన టీ గ్లాసు బోనెట్ మీద పెట్టి, కళ్లజోడు సవరించుకుని, స్తంభానికి వేలాడుతున్న మా స్టాండు బోర్డు కేసి చూశాడు. దాని మీద మా కారు నంబర్లు, ఫోను నంబర్లు పైనుంచి కిందికి వరసగా ఉంటాయి. ఎవరో దాన్ని ఫోటో తీసుకుపోయి, పైనుంచి కిందికి చేసుకుంటూ వస్తున్నారు! "నాది ఐదోది. ఇంకొకడి తర్వాత నాకు" అని ఆయన ఫోను చేతిలో పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. మోగింది. "చెప్పు నాయనా, నీ కోసమే చూస్తున్నాను" అన్నాడు. ఆ అవతలివాడు ఏమనుకున్నాడో, ఆరో నంబరు జోలికి పోలేదు.

నవ్వుకోవడం అయ్యాక అందరం కలిసి ఫిర్యాదు పెట్టాం. ఇందులో ఒక కిటుకు ఉంది. 2025 ఫిబ్రవరి 12న ట్రాయ్ నిబంధనలు సవరించింది. ఒకే నంబరు మీద పది రోజుల్లో ఐదుగురు ఫిర్యాదు చేస్తే చాలు, చర్య మొదలవుతుంది. అంతకు ముందు ఏడు రోజుల్లో పదిమంది కావలసి వచ్చేది. తిరుపతిలో పదిమంది టాక్సీవాళ్లను ఒక మాట మీదికి తేవడం ఎవరి వల్లా కాదు గానీ ఐదుగురయితే టీ తాగే లోపల కుదురుతుంది. ఫిర్యాదు చేయడానికి గడువు కూడా మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెంచారు. ఇది నాలాంటివాడికి పెద్ద మేలు. శని, ఆదివారాలు మాకు ఊపిరి సలపదు. పాత లెక్కలో అయితే గురువారం వచ్చిన కాల్ మీద సోమవారం తీరిగ్గా కూర్చునేసరికి గడువు దాటిపోయేది. చర్య తీసుకోవడానికి ఫోను కంపెనీకి ఇదివరకు ముప్పై రోజులు ఉండేది, ఇప్పుడు ఐదు రోజులే. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఇలా నమోదు లేకుండా మామూలు నంబర్ల నుంచి చేసేవాళ్ల మీద ఫిర్యాదు పెట్టడానికి మనం ముందుగా డీఎన్‌డీలో చేరి ఉండనక్కర్లేదు.

పంపవలసింది మూడు ముక్కలు: వాళ్లు ఏమి చెప్పారో, ఏ నంబరు నుంచి చేశారో, ఏ తేదీన చేశారో. మొదటిసారి నేను తేదీ మరిచిపోయాను, ఫిర్యాదు చెల్లలేదు. తప్పు నాదే. పెద్దాయనకు ఇంగ్లీషు అక్షరాలు కొట్టడం రాదు, ఆయన ఫోను తీసుకుని నేనే పంపాను. అందరికీ ఫిర్యాదు సంఖ్య వచ్చింది. కొన్నాళ్లకు చర్య తీసుకున్నామని మెసేజ్ కూడా వచ్చింది. నిబంధన ప్రకారం మొదటిసారి దొరికితే పదిహేను రోజులు ఆ మనిషి ఫోన్ల నుంచి బయటికి కాల్స్ పోవు. మళ్లీ దొరికితే అన్ని కంపెనీల్లోనూ అతని కనెక్షన్లన్నీ ఏడాది పాటు కట్. ఆ గొంతు మూడు వారాలు వినిపించలేదు. తర్వాత ఇంకొక నంబరు నుంచి వినిపించింది. మళ్లీ ఐదుగురం కలిశాం. ఈసారి పని పది నిమిషాల్లో అయిపోయింది, వేళ్లకు అలవాటు పడింది కదా. ఆ తర్వాత ప్లాట్లు రాలేదు. బోర్డును మాత్రం తీయలేదు, తీస్తే బాడుగలు ఎలా వస్తాయి?

రుణం అమ్మాయి విషయంలో నాకు అంత సంతోషం లేదు. ఆమె మళ్లీ చేసినప్పుడు కోపంగా "ఎక్కడి నుంచమ్మా నువ్వు?" అని అడిగాను. భయపడినట్టుంది. "పీలేరు సర్. ఇప్పుడు బెంగళూరులో ఉన్నాను" అంది. పీలేరు అనేసరికి నా గొంతు దానంతట అదే తగ్గింది, మా అత్తగారి ఊరు అక్కడికి దగ్గరే. "రోజుకు ఇన్ని కాల్స్ అని లెక్క ఉంటుంది సర్. మీరు వద్దన్నారని రాస్తాను. రేపు ఆ జాబితా మళ్లీ నా ముందుకే వస్తుంది." ఆమె దాచకుండా చెప్పింది. ఆ నంబరు మీద కూడా ఫిర్యాదు పెట్టాను. సేలం పెద్దాయన బాడుగ గుర్తుంది కాబట్టి పెట్టాను. పెట్టాక మాత్రం ఆ పూట కాఫీ రుచించలేదు.

నీతులు చెప్పడానికి నేనూ పెద్ద యోగ్యుణ్ణి కాను. మూడేళ్ల కింద ఒకడు స్టాండుకు వచ్చి, యాత్రికుల నంబర్లు పదివేలు ఉన్నాయి, ఇంత ఇస్తే చాలు, అందరికీ మీ కారు ప్రకటన పంపుకోండి అన్నాడు. డబ్బు లేక కొనలేదు, మంచితనం వల్ల కాదు. కానీ పాత యాత్రికుల నంబర్లు నా దగ్గర ఉన్నాయిగా. ఉగాదికి, సంక్రాంతికి, బ్రహ్మోత్సవాలకు వెంకన్న బొమ్మతో శుభాకాంక్షలు, కింద నా కారు ఫోటో, ధరలు, అందరికీ వాట్సాప్‌లో పంపేవాణ్ణి. ఒకసారి బెంగళూరు ఆవిడ నుంచి జవాబు వచ్చింది: "అన్నా, మా మామగారు పోయి పదకొండో రోజు. దయచేసి ఇలాంటివి పంపకండి." ఆ మామగారిని శ్రీకాళహస్తిలో కారు దింపి, చెయ్యి పట్టుకుని గుడి దాకా నడిపించింది నేనే. ఆ రోజు కూర్చుని ఆ పంపకాల జాబితా మొత్తం తీసేశాను. ఇప్పుడు ప్రయాణం అయ్యాక, "మీ నంబరు ఉంచుకోమంటారా?" అని అడుగుతాను. ఉంచుకోమన్నవాళ్లే మిగిలారు, ఆ కొద్దిమందే మళ్లీ పిలుస్తున్నారు కూడా.

సరే, వాట్సాప్ మాట వచ్చింది కనుక నక్షత్రం కోత దగ్గరికి వద్దాం. 1909 అధికారం మామూలు కాల్స్, మెసేజ్‌ల వరకే. వాట్సాప్‌లో వచ్చే చెత్తకు అది అడ్డం పడదు. మోసగాళ్లు ఇప్పుడు ఎక్కువగా తిష్ఠ వేసింది అక్కడే. బండి ఉన్న ప్రతివాడికీ తగిలే మోసం ఒకటి చెబుతాను. "మీ వాహనానికి చలానా పడింది, వివరాలకు ఈ ఫైలు తెరవండి" అని వస్తుంది. కారు నంబరు కూడా సరిగ్గా ఉంటుంది. ఉండదా మరి, వెనక ఫోను నంబరు పక్కనే రాసి ఉంది! ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటుంది. అది చలానా కాదు, ఫోనులో తిష్ఠ వేసి మన మెసేజ్‌లు, ఓటీపీలు చదివే యాప్. నేను వేలు పెట్టబోయాను. నిజంగానే అంతకు ముందు రోజు చిత్తూరులో తప్పు చోట కారు ఆపి ఉన్నాను. మా అమ్మాయి చేతిలోంచి ఫోను లాక్కుంది. చలానా ఉందో లేదో ప్రభుత్వ పరివాహన్ సైటులో మనమే కారు నంబరు కొట్టి చూసుకోవాలి. చూస్తే ఏమీ లేదు.

ఇలాంటివి చెప్పుకోవడానికి కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో చక్షు అనే విభాగం ఉంది. 2024 మార్చిలో వచ్చింది. మోసపు కాల్, మెసేజ్, వాట్సాప్ మూడూ అక్కడ చెప్పవచ్చు. 2025 జనవరి నుంచి సంచార్ సాథీ యాప్‌గా కూడా దొరుకుతోంది. ఆ చలానా నంబరు అందులోనే ఇచ్చాను. డబ్బు పోయాక అయితే చక్షు కాదు, వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

మా ఆవిడకు నేర్పిన రెండు చిట్కాలు ఇక్కడే చెప్పేస్తాను. కంపెనీల పేరుతో వచ్చే మెసేజ్‌లలో పంపినవారి పేరు చివర ఇప్పుడు ఒక గీత, ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. పీ కనిపిస్తే ఆమె చదవకుండానే తీసేస్తుంది. రెండోది, బ్యాంకులు ప్రచారానికి 140 వరస నుంచి, ఖాతా పనులకు 1600 వరస నుంచి మాత్రమే ఫోను చేయాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. పదంకెల మామూలు నంబరు నుంచి ఎవరైనా "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అంటే మా ఆవిడ, "ఏ బ్యాంకు నాయనా? మా ఊళ్లో శాఖకే వస్తాను, పేరు చెప్పు" అంటుంది. ఇంతవరకు ఎవరూ పేరు చెప్పలేదు.

ఈమెయిల్ గురించి రెండు మాటలు. నాకు రోజూ ఉత్తరం రాసే ఒక పెద్దమనిషి ఉన్నాడు. నా వెబ్‌సైటు వెతుకులాటలో వెనకబడిపోతోందని, తాను ముందుకు తెస్తానని అతని ఆవేదన. నాకు వెబ్‌సైటే లేదు. నిజమైన కంపెనీలు పంపే ప్రకటనల కింద ఇక వద్దు అని చెప్పే లింకు ఉంటుంది, అది పనిచేస్తుంది. ఈ పెద్దమనిషి లాంటివాళ్ల ఉత్తరంలో మాత్రం ఆ లింకు నొక్కవద్దు. ఇక్కడ మనిషి బతికే ఉన్నాడని మనమే కబురు పంపినట్టు. స్పామ్ అని గుర్తు పెట్టి వదిలేయడమే. అయితే వారానికి ఒకసారి ఆ స్పామ్ పెట్టె తెరిచి చూడండి. విదేశంలో ఉండే ఒక కుటుంబం తల్లిదండ్రుల కోసం ఐదు రోజులు కారు కావాలని రాసిన ఉత్తరం దాంట్లో పడి ఉంది. నేను చూసేసరికి వాళ్లు వచ్చి, దర్శనం చేసుకుని, వెళ్లిపోయారు కూడా.

మొత్తం మీద 1909లో చేరండి, నాలాగా తెలివికి పోకుండా సున్నా పెట్టండి. అన్నీ ఆపినా బ్యాంకు ఓటీపీలు, రైలు టికెట్ల మెసేజ్‌లు ఆగవు, భయం లేదు. ఎక్కడైనా ఫారం నింపుతూ చివర ఉన్న చిన్న గడిలో టిక్కు పెడితే మాత్రం ఆ కంపెనీకి మీరే అనుమతి ఇచ్చినట్టు, డీఎన్‌డీ దాని మీద పనిచేయదు. ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా డబ్బాలో చీటీ వేయడం కూడా ఇంచుమించు అంతే. మా ఆవిడ నిరుడు కుక్కరు వస్తుందని ఒక చీటీ వేసింది. కుక్కరు రాలేదు, కుక్కర్లు అమ్మేవాళ్లందరూ వచ్చారు. వాట్సాప్ దాకా చేయి చాపలేనందుకు ఒక నక్షత్రం, ఫిర్యాదు భారమంతా మన నెత్తినే ఉన్నందుకు అర నక్షత్రం కోశాను.

ఇక మిగిలిన బెడద ఒక్కటే. మా బావమరిది పోయిన నెల బీమా ఏజెంటుగా చేరాడు. రోజుకు రెండుసార్లు చేస్తున్నాడు. నంబరు తెలియనిది కాదు, ఫోనులో పేరుతో సహా ఉంది. ఎత్తకపోతే వాళ్ల అక్కకు చేస్తాడు.